ఈ ఒంట్లో ఉండేది నేను

*పది నిమిషాల్లో అయిపోయే ఆట. గెలుపు లేదు, ఓటమి లేదు. తన ఒళ్లు తనకే సరిపడని ఒక మనిషి, ఆ బాధను మన వేళ్లకు తగిలేలా చెప్పిన కథ.*

తెర మీద ఓ గోడ. గోడలో ఓ కంత. ఇవతల ఓ ముక్క. టెట్రిస్ ఆటలో పైనుంచి జారే ముక్కల్లాంటిదే, కాకపోతే మరీ వంకరటింకరగా ఉంది. బాణం గుర్తున్న మీటలు నొక్కితే అటూ ఇటూ కదులుతుంది. కంత దగ్గరకు తీసుకెళ్తాం. పట్టదు. కాస్త పైకి జరుపుతాం. పట్టదు. కిందినుంచి తోస్తాం. ఊహూఁ. ఏదో కిటుకు ఉండే ఉంటుందని ఇంకాసేపు తిప్పలు పడతాం. కిటుకేమీ లేదు. ఆ ముక్క ఆ కంతలోంచి ఎప్పటికీ వెళ్లదు. తన ఒళ్లు తనకే ఏదోలా ఉందని తెర మీద ఓ చిన్న వాక్యం మాత్రం కనిపిస్తుంది. అంతలోనే దృశ్యం మారిపోతుంది.

2012లో వచ్చిన ఈ ఆట పేరు ‘డిస్‌ఫోరియా’. చేసింది అమెరికాకు చెందిన అనా యాంథ్రొపీ. ఆమె పుట్టినప్పుడు మగబిడ్డ అన్నారు. తను ఆడమనిషినని ఆమెకు తెలుసు. హార్మోన్ల చికిత్స మొదలుపెట్టాక గడిచిన ఆరు నెలల్ని ఆమె చిన్న చిన్న ఆటలుగా మలిచింది. ఒక్కోటీ కొన్ని సెకన్లే. మొత్తం కలిపి పది నిమిషాలు, మహా అయితే పావుగంట. ఆత్మకథ అంటే మూడొందల పేజీల పుస్తకం అనుకునే మనకు ఇది కొత్తగా ఉంటుంది. పదమూడేళ్లు దాటినా ఒంటి మీద వచ్చిన ఆత్మకథల్లో ఇంత కుదురుగా, ఇంత సూటిగా ఉన్నవి తక్కువనే నా నమ్మకం.

ఇప్పుడెందుకీ కథ?

ఏ నలుగురు కలిసినా ఇప్పుడు మాట ఒంటి మీదికే పోతోంది. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దేశంలోకి వచ్చాక బరువు తగ్గించే సూదిమందుల గురించి ఆఫీసు క్యాంటీన్‌లోనూ అపార్ట్‌మెంట్ లిఫ్టులోనూ మాట్లాడుకుంటున్నారు. ఊబకాయంతో, మధుమేహంతో బాధపడేవాళ్లకు డాక్టరు రాసిచ్చే మందులవి. వాళ్లకవి అవసరం. కానీ ఏ జబ్బూ లేకుండా, చెల్లి పెళ్లి ఫొటోల్లో సన్నగా కనిపించడం కోసం వాటి ధర వాకబు చేసేవాళ్లున్నారే, వాళ్ల గురించీ ఆలోచించాలి.

ఫోన్ కెమెరా తెరిస్తే మనకంటే ముందు ఫిల్టరే మనల్ని చూస్తోంది. ముక్కు సన్నబడుతుంది, రంగు తేలుతుంది, దవడ కోసుగా వస్తుంది. రోజూ ఆ ముఖాన్నే చూసిన పిల్ల, పొద్దున్నే అద్దంలో కనిపించే ముఖం తనది కాదనుకుంటే తప్పు పిల్లదా? 2021లో బయటపడ్డ ఫేస్‌బుక్ అంతర్గత పత్రాల్లో ఒక మాట ఉంది. తమ ఒంటి గురించి అప్పటికే చిన్నబుచ్చుకుంటున్న టీనేజీ ఆడపిల్లల్లో 32 శాతం మంది, ఇన్‌స్టాగ్రామ్ ఆ బాధను ఇంకా పెంచిందని చెప్పారట. కంపెనీ సొంత పరిశోధకులే రాసుకున్న లెక్క అది.

అయితే ఫోన్లు రాకముందు మనమేదో గొప్పగా ఉన్నామని కాదు. ఒళ్లనేది మన దగ్గర ఎప్పుడూ ఊరుమ్మడి వ్యవహారమే. ఫంక్షన్ హాల్లో అడుగు పెట్టీ పెట్టగానే మొదలవుతుంది. ‘ఏమే, ఇంత నల్లబడ్డావేంటి?’ ‘హాస్టల్లో తిండి పెట్టట్లేదా, గాలేస్తే ఎగిరిపోయేలా ఉన్నావ్!’ ‘పెళ్లీడు పిల్లవి, కాస్త ఒళ్లు తగ్గించుకోమ్మా.’ ‘డిగ్రీకొచ్చాడు, మూతి మీద మీసం లేదేంట్రా?’ నడకలో కాస్త ఒయ్యారం ఉన్న కుర్రాడికి పడే పేరు సరేసరి, అది వాడి వీపు మీద అతికించినట్టు పదో తరగతి దాకా వెంటపడుతుంది. అన్నవాళ్లు భోజనాల దగ్గరికి వెళ్లేసరికి మర్చిపోతారు. పడ్డవాళ్లు ఆ రాత్రి బాత్రూమ్ అద్దం ముందు నిలబడతారు.

ఇన్ని నోళ్లు ఒంటి గురించి మాట్లాడతాయి. ఆ ఒంట్లో ఉంటున్న మనిషి నోరు మాత్రం మూసే ఉంటుంది. యాంథ్రొపీ లాంటివాళ్లు చేసింది ఆ నోరు తెరవడమే.

> బాక్స్: రెండూ ఒకటి కాదు
>
> పుట్టుకతో రాసిన లింగానికీ, మనసుకు తెలిసిన లింగానికీ పొసగక కలిగే వేదన జెండర్ డిస్ఫోరియా. 2013లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన జాబితాలోంచి ‘రుగ్మత’ అనే పాత పేరు తీసేసి ఈ పేరు పెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన తన కొత్త పట్టికలో దీన్ని మానసిక రుగ్మతల అధ్యాయంలోంచి తప్పించింది.
>
> బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ వేరు. ఎదుటివాళ్లకు కనిపించని, లేదా చాలా చిన్నదైన లోపాన్ని భూతద్దంలో చూసుకుంటూ గంటల తరబడి కుమిలిపోయే స్థితి ఇది. 19వ శతాబ్దం చివర్లోనే ఇటలీ వైద్యుడు ఎన్రికో మోర్సెల్లీ దీన్ని వర్ణించాడు. దీనికి చికిత్స ఉంది.

ఆటలో ఏముంది?

గోడ దృశ్యం తర్వాత బట్టలొస్తాయి. తనకు సరిపోని కొలతలతో కుట్టిన ఆడవాళ్ల చొక్కాలోకి ఒక ఆకారం దూరడానికి అవస్థ పడుతుంది. ఇంకోచోట రేజర్ మన చేతికిస్తారు. పై పెదవి మీద వెంట్రుకలు గీయాలి. జాగ్రత్తగా గీస్తే సరి, లేకపోతే తెగుతుంది. ఆడవాళ్ల టాయిలెట్‌కు వెళ్లాలంటే ఎవరి కంటా పడకుండా దొంగలా నక్కి నక్కి పోవాలి. రోడ్డు మీద నడుస్తుంటే ఎదురైనవాళ్లంతా మర్యాదగానే పలకరిస్తారు, ‘సార్’ అని. ఆ పిలుపులో అగౌరవమేమీ లేదు. కానీ ఆమెకు అది ప్రతిసారీ ఓ చెంపదెబ్బ.

తర్వాత ఆసుపత్రి మెట్లు. హార్మోన్లు కావాలని వెళ్తే బీపీ ఎక్కువుంది పొమ్మంటారు. ముందు దానికి మాత్రలు మింగి, అది తగ్గాక రావాలి. వెళ్లడం, రావడం, మళ్లీ వెళ్లడం. ఈ భాగాన్ని ఆడుతుంటే విసుగొస్తుంది. ఆ విసుగు ఆమె కావాలనే పెట్టింది. సర్కారు దవాఖానాలో ఓపీ చీటీ పట్టుకుని వరండాలో నిలబడ్డవాళ్లెవరికైనా ఆ నడక తెలుసు. మందులు మొదలయ్యాక అసలు ఒళ్లు మారడం మొదలవుతుంది. ఛాతీ సలుపు. ఏది తగిలినా ప్రాణం పోయినంత నొప్పి కాబట్టి దేనికీ తగలకుండా తప్పించుకుంటూ కదలాలి. ఉన్నట్టుండి ఏడుపు. కోరుకున్న మార్పే అయినా సుఖంగా ఏమీ రాలేదని ఆమె దాచలేదు. ఈ రకం కథల్లో నాకు నచ్చేది ఆ నిజాయితీ.

చివరికొచ్చేసరికి ఆ గోడ మళ్లీ ఎదురవుతుంది. ఈసారి ముక్క ఒకే ఆకారంలో ఉండదు, మారుతూ ఉంటుంది. సమస్య తీరిపోయిందని మాత్రం ఆమె అనదు. ప్రయాణం ఇంకా ఉందంటుంది. పైగా మొదట్లోనే ఓ హెచ్చరిక పెట్టింది. ఇది నా ఒక్కదాని అనుభవం, నాలాంటి అందరి తరఫునా చెప్పట్లేదు అని.

జడ, కళ్లు, ముక్కు, నోరు

కంప్యూటర్ మీద ఒంటి కథ చెప్పినవాళ్లలో యాంథ్రొపీ మొదటిది కాదు. 1997లోనే షెల్లీ జాక్సన్ అనే అమెరికా రచయిత్రి ‘మై బాడీ’ అనే కథ చేసింది. తెరవగానే నల్లటి నేపథ్యం మీద తెల్లటి గీతలతో ఓ స్త్రీ బొమ్మ. గీసిందీ ఆమే, బొమ్మలో ఉన్నదీ ఆమే. ఒళ్లంతా గడులుగా విడదీసి ఉంటుంది. మోచేతి మీద నొక్కితే మోచేతి కథ, గోళ్ల మీద నొక్కితే గోళ్ల కథ. చదువుతుంటే మధ్యలో ఏదో మాట మెరుస్తుంది. దాన్ని నొక్కితే మోకాలి నుంచి కళ్లలోకి, కళ్లలోంచి మచ్చలోకి వెళ్లిపోతాం. వరస లేదు, ముగింపు పేజీ లేదు. చిన్నప్పుడు మగపిల్లలతో సమానంగా చెట్లెక్కిన భుజాలు, ఒళ్లు మారుతున్న వయసులో వచ్చిన సిగ్గు, అన్నీ అలా ముక్కలు ముక్కలుగా దొరుకుతాయి. ఉన్న అవయవాలతో పాటు లేని తోక గురించీ రాసింది. నిజం ఎక్కడ ఆగి కల్పన ఎక్కడ మొదలైందో మనకు చెప్పదు.

ఇది చదివినప్పుడు తెలుగు పాఠకులకు మన రచయిత్రి ఓల్గా గుర్తుకు రావాలి. జాక్సన్ కంటే నాలుగేళ్ల ముందే, 1993లో ‘రాజకీయ కథలు’ తెచ్చారావిడ. ‘సీత జడ’, ‘కళ్ళు’, ‘ముక్కుపుడక’, ‘నోర్ముయ్’ లాంటి కథల పేర్లు వరసగా చూడండి. ఒక్కో అవయవం దగ్గర ఆగి, దీని మీద పెత్తనం ఎవరిదని అడిగిన కథలవి. క్లిక్కులు లేవు, కంప్యూటర్ లేదు. కానీ ఒంటిని భాగాలుగా విడదీసి చూస్తేనే దాని మీద పడ్డ చేతులు కనిపిస్తాయన్న ఎరుక రెండుచోట్లా ఒకటే. అదే ఏడాది ఆమె సంపాదకత్వంలోనే వచ్చిన ‘నీలిమేఘాలు’ సంకలనం అప్పటి స్త్రీవాద కవయిత్రులను ఒకచోట చేర్చింది. ప్రసవపు నొప్పుల్నీ గర్భస్రావాన్నీ పైటనూ కవిత్వంలోకి తెచ్చినందుకు ఆ తరం పడ్డ తిట్లు అన్నీ ఇన్నీ కావు. ఒంటి గురించి ఒంట్లో ఉన్నవాళ్లే మాట్లాడితే ఏ సమాజమైనా ముందు ఉలిక్కిపడుతుంది.

> బాక్స్: 2095 మంది మీద ఒక కథ
>
> షెల్లీ జాక్సనే 2003లో ‘స్కిన్’ మొదలుపెట్టింది. 2095 పదాల కథ. కాగితం మీద అచ్చు వేయదు. ముందుకొచ్చిన ఒక్కొక్కరి ఒంటి మీద ఒక్కో పదం పచ్చబొట్టుగా పొడిపించుకోవాలి. మొత్తం కథ చదివే అవకాశం పచ్చబొట్టు వేయించుకున్నవాళ్లకే. వాళ్లను ఆమె ‘పదాలు’ అనే పిలుస్తుంది. మనిషి పోతే ఆ పదమూ పోయినట్టే.

చట్టం పుస్తకంలో ఒక చీర

యాంథ్రొపీ ఆటలో ఆడవాళ్ల చొక్కా తొడుక్కోవడం ఒక దృశ్యం. హైదరాబాద్‌లో అది నేరంగా ఉండేది. నిజాం కాలంలో, 1919లో వచ్చిన చట్టం ఒకటి 2023 దాకా తెలంగాణ చట్టాల పుస్తకంలో ఉండిపోయింది. ‘నపుంసకుల’ పేర్లతో రిజిస్టరు పెట్టాలనీ, వాళ్లు ఆడవాళ్ల దుస్తుల్లోనో నగల్లోనో వీధిలో కనిపిస్తే వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చనీ అందులో రాసి ఉంది. రెండేళ్ల వరకు జైలు. ట్రాన్స్‌జెండర్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి హైకోర్టుకు వెళ్లారు. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. తన లింగమేదో తనే చెప్పుకునే హక్కు ప్రతి మనిషికీ ఉందని సుప్రీంకోర్టు జాతీయ న్యాయ సేవల సంస్థ (నల్సా) కేసులో చెప్పింది 2014 ఏప్రిల్ 15న. ఆ తర్వాత కూడా తొమ్మిదేళ్లు ఆ చట్టం బతికింది.

తీర్పులతో పాటు పుస్తకాలూ పనిచేశాయి. తమిళనాడుకు చెందిన ఎ.రేవతి రాసుకున్న జీవితకథను పి.సత్యవతి ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగులోకి తెచ్చారు. 2019 సంవత్సరానికి ఆ అనువాదానికే కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. సిగ్నల్ దగ్గర మనం కారు అద్దం దించకుండా చూసే మనిషికి ఇల్లుందనీ, అమ్మ ఉందనీ, అన్నల చేతి దెబ్బలున్నాయనీ ఎందరో తెలుగువాళ్లకు తెలిసింది ఆ పుస్తకంతోనే. మనకు పుస్తకముంది. పదిహేడేళ్ల పిల్లవాడు రాత్రిపూట దుప్పట్లో ఫోన్‌లో తెరుచుకుని, తన కథలాగే ఉందే అనుకోగల చిన్న తెలుగు కథ మాత్రం ఒక్కటీ నా కంటపడలేదు.

మీట మన చేతిలో

పుస్తకమే చాలు కదా, ఆటెందుకు అని అడగొచ్చు. పుస్తకంలో ‘నేను ఎక్కడా ఇమడలేదు’ అన్న వాక్యాన్ని ఒక్క క్షణంలో చదివేసి ముందుకెళ్తాం. ఆటలో ఇమడని ముక్కను కదిపేది మన వేలు. నాలుగుసార్లు తోసి విసిగిపోయేదీ మనమే. ఆట నియమాలు మనం పెట్టినవి కావు, మారుద్దామంటే మారవు. ఒంటితో పడని మనిషి రోజూ బతికేది సరిగ్గా అలాంటి నియమాల మధ్యే. అందుకే ఈ రూపం ఆ బాధకు అతికినట్టు సరిపోయింది.

పోర్పెంటైన్ అనే మరో ట్రాన్స్ రచయిత్రి 2014లో చేసిన కథ ఇంకో అడుగు ముందుకేసింది. చదవడం మొదలుపెట్టే ముందు ఓ పెన్ను దగ్గర పెట్టుకోమంటుంది. కథలో అక్కడక్కడా ఆగి, ఈ మార్పుకు ఒక గుర్తు, ఈ గాయానికి ఒక గుర్తు అంటూ మన ఒంటి మీదే గీసుకోమంటుంది. కథ అయిపోయి కంప్యూటర్ మూసేశాక కూడా ముంజేతి మీద సిరా ఉంటుంది. సబ్బుతో రుద్దితే గానీ పోదు.

> బాక్స్: పైసా ఖర్చు లేని పనిముట్టు
>
> పోర్పెంటైన్ వాడింది ట్వైన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. 2009లో క్రిస్ క్లైమస్ తయారుచేశాడు. ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. ఒక డబ్బాలో కొన్ని వాక్యాలు టైపు చేసి, ఏ మాట నొక్కితే ముందుకెళ్లాలో ఆ మాట చుట్టూ రెండేసి చదరపు బ్రాకెట్లు పెడితే కొత్త డబ్బా పుడుతుంది. మొత్తం కథ ఒక్క ఫైలుగా వస్తుంది, ఏ బ్రౌజర్‌లోనైనా తెరుచుకుంటుంది. తెలుగు లిపిలోనూ రాసుకోవచ్చు. 2018లో వచ్చిన నెట్‌ఫ్లిక్స్ ‘బ్యాండర్‌స్నాచ్’ చిత్రానికి దారుల చిక్కు విప్పుకోవడానికి రచయిత చార్లీ బ్రూకర్ వాడింది కూడా దీన్నే.

ఆమె బూట్లు తొడుక్కుంటే సరా?

‘డిస్‌ఫోరియా’ పేరు మారుమోగాక ఒక కొత్త చిక్కు వచ్చిపడింది. దీన్ని ఆడితే ట్రాన్స్ మనుషుల బాధ అర్థమైపోతుందన్న ప్రచారం మొదలైంది. పది నిమిషాలు ఆడినవాళ్లు ‘మాకు తెలిసిపోయింది, మేం మీ పక్షమే’ అనడం యాంథ్రొపీకి మింగుడుపడలేదు. 2015లో న్యూయార్క్‌లోని బేబీక్యాసిల్స్ గ్యాలరీలో ఆమె ఓ జవాబు పెట్టింది. తన పాత బూట్ల జత, దాంతో పాటు అడుగులు లెక్కపెట్టే మీటరు. ఆ బూట్లు తొడుక్కుని నడవాలి. ఒక మైలు నడిస్తే ఒక పాయింటు. ఎంతసేపు నడిచినా వచ్చేది పాయింట్లే, ఆమె జీవితం కాదు.

ఆమె కోపం న్యాయమైనది. మనవైపు కూడా ఒక షార్ట్‌ఫిల్మ్ చూసి, ఒక సదస్సులో చప్పట్లు కొట్టి, తిరిగొచ్చి అదే సిగ్నల్ దగ్గర అద్దం బిగించుకునేవాళ్లు ఉన్నారు. కథ తలుపు తీస్తుంది, అంతవరకే. ఇల్లు అద్దెకివ్వడం, ఉద్యోగంలోకి తీసుకోవడం, పిలవమన్న పేరుతో పిలవడం ఆట ఆడినంత మాత్రాన జరిగిపోవు. 2024 డిసెంబరులో హైదరాబాద్ ట్రాఫిక్ విభాగంలోకి 39 మంది ట్రాన్స్‌జెండర్లను అసిస్టెంట్లుగా తీసుకున్నారు. నెలనెలా చేతికొచ్చే జీతం మనిషి నిలబడే తీరును మారుస్తుంది. సానుభూతి దాని తర్వాతే.

అలాగని ఈ కథలు వృథా అననివ్వను. వీటి మొదటి పాఠకులు బయటివాళ్లు కాదు. అదే గోడ ముందు నిలబడి, ఈ బాధ తనొక్కడిదేనని నమ్ముతున్న ఇంకో మనిషి. ఆ మనిషికి ‘నువ్వొక్కడివే కాదు’ అని తెలియడం చిన్న విషయం కాదు.

ఒక నష్టం గురించి కూడా చెప్పాలి. ‘డిస్‌ఫోరియా’ను చేసింది ఫ్లాష్ అనే సాంకేతికతలో. 2020 డిసెంబరు 31తో అడోబ్ సంస్థ దాన్ని ఆపేసింది. బ్రౌజర్లలో నడిచిన వేలాది ఆటలు ఒక్కసారిగా మూగబోయాయి. కొన్నిటిని అభిమానులు బతికించుకున్నారు, ఎన్నో పోయాయి.

మనవాళ్లు రాయాలి

మన దగ్గర ఈ పని చేయగల పిల్లలు లేక కాదు. ఊరికో ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. కోడింగ్ వచ్చినవాళ్లున్నారు, కవిత్వం రాసేవాళ్లున్నారు, రెండూ వచ్చినవాళ్లూ ఉన్నారు. చామనచాయ వల్ల మూడు సంబంధాలు తప్పిన అమ్మాయి కథ, బొల్లి మచ్చలతో పొట్టి చేతుల చొక్కా వేయని కుర్రాడి కథ, పీసీఓఎస్‌తో గడ్డం కింద వెంట్రుకలు వచ్చి కాలేజీకి చున్నీ చుట్టుకుని పోయే పిల్ల కథ తెలుగులో ఇలా రావాలి. కాలేజీ మ్యాగజైన్లు వేసే తెలుగు లెక్చరర్లు ఈ ఏడాది ఒక్క పేజీ, పోనీ ఒక్క లింకు, దీనికి కేటాయించండి. పేరు వేయొద్దని పిల్లలడిగితే వేయకండి.

> బాక్స్: మాట్లాడాలనిపిస్తే
>
> ఒంటి గురించిన బాధ తిండినీ నిద్రనూ చదువునూ పాడుచేస్తుంటే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన ఉచిత సేవ ఇది. రోజంతా పనిచేస్తుంది. తెలుగులోనే మాట్లాడొచ్చు.

అమ్మానాన్నలకు ఒక మాట. మీ అబ్బాయో అమ్మాయో ఇలాంటిదేదో రాసి, భయం భయంగా ఫోన్ మీ చేతికిస్తే అక్షరదోషాలు వెతక్కండి. బంధువుల గ్రూపులో పెట్టకండి. ‘మనింట్లో ఇలాంటివేంటి’ అనకండి. చివరి దాకా నొక్కుతూ చదవండి. చదివాక ఫోన్ తిరిగిచ్చి, ‘ఇంకా ఏమైనా చెప్పాలా నాన్నా?’ అని అడగండి.